ఇన్షిరాహ్ పిన్ని ఇత్తడి రోలు

మా సందులో ఎవరు వెళ్లి సోంపు అడిగినా ఇన్షిరాహ్ పిన్ని వెంటనే తూచి ఇచ్చేది కాదు. ముందు తలెత్తి మనిషిని ఎగాదిగా చూసేది. తర్వాత అడిగేది.

“ఎవరికి?”

వంటలోకి అంటే బతికిపోయినట్టే. మందుకి అంటే మాత్రం పోలీసు విచారణ మొదలయ్యేది. వయసెంత, ఎన్నాళ్లుగా నొప్పి, కడుపుతో ఉందా, ఇంకేమైనా మాత్రలు మింగుతోందా. కడుపుబ్బరమని పిడికెడు గింజల కోసం వచ్చినవాళ్లు ఇంటి గుట్టంతా ఆవిడ ముందు విప్పి వెళ్లేవాళ్లు. మా ఎదురింటి బదియా అయితే, “ఈవిడ దగ్గర సోంపు కొనడం కంటే పాస్‌పోర్టు తెచ్చుకోవడం తేలిక” అనేది. ఆ మాట పిన్నికి వినపడేలాగే అనేది. పిన్ని కూడా ఊరుకునేది కాదు. “నీకు పాస్‌పోర్టెందుకే, నీ నోరు సరిహద్దులు ఎప్పుడో దాటేసింది” అనేది.

ఈజిప్టులో మా ఊరు ఫయ్యూము. అక్కడ యూసుఫ్ కాలువ గట్టు దిగితే ఎడమచేతి వైపు మూడో గుమ్మం ఆవిడ కొట్టు. భర్త ముప్పై ఏళ్లకే పోతే ఆ కొట్టు ఆవిడకు మిగిలింది. గోడ నిండా నలభై సొరుగులు. వాటిమీద భర్త చేతిరాతతో పేర్లున్నాయి గానీ, ఆవిడకు చదువు రాదు. సొరుగు లాగి, గింజ అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆవిడ చదువంతా ఆ ముక్కులోనే ఉండేది.

వేసవి కోతలప్పుడు పల్లెల నుంచి గాడిదబండ్ల మీద సోంపు వచ్చేది. గొడుగుల్లాంటి ఆ పూగుత్తులను డాబాల మీద ఆరేసేవాళ్లు. మా డాబా కూడా ఆవిడకే ఇచ్చేవాళ్లం. పదిహేను రోజులు సందంతా ఒకటే తియ్యటి వాసన. ఉతికిన బట్టలకు అదే, పిల్లల జుట్టుకు అదే, ఆఖరికి రొట్టెలో కూడా అదే. ఇప్పుడు కొట్లలో రంగు కాగితపు పొట్లాల్లో అమ్ముతున్నారు. చింపి వాసన చూస్తే కాగితం వాసన వస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ఆవిడ నియమాలు. కాలువ గట్టున కోసుకొచ్చిన అడవి సోంపును గుమ్మం దాటనిచ్చేది కాదు. అక్కడే అచ్చం అలాంటి ఆకుతో, అలాంటి పూగుత్తితో విషపు మొక్క కూడా పెరుగుతుంది. “నలిపి చూడు, ఎలుక వాసన వస్తుంది. అది తిన్నవాడు మళ్లీ నా కొట్టుకు రాడు” అనేది. మూర్ఛ మాత్రలు వేసుకునే కుర్రాడి కోసం అడిగితే, “ముందు మీ డాక్టర్ని అడిగి రా” అని పంపేసేది. గర్భిణి వస్తే, కూరలో చిటికెడు వేసుకోమనేదే గానీ గ్లాసులకు గ్లాసులు కాచుకు తాగుతానంటే ఒప్పుకునేది కాదు. రొమ్ములో గడ్డ ఉందని గుసగుసగా చెప్పిన ఒకామెను చెయ్యి పట్టుకుని, కొట్టుకు తాళం వేసి, తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. రెండు వారాలు తాగినా తగ్గని నొప్పికి మూడో వారం సోంపు అమ్మేది కాదు.

“కొట్టు పెట్టుకుని గిరాకీని తరిమేసే మనిషిని నిన్నే చూశాను” అని మా అత్తగారు తఫీదా ఆవిడ మొహం మీదే అనేది.

“తరిమానా? అందరూ నడిచే వెళ్తున్నారుగా. మోసుకెళ్లే పని ఇంకా రాలేదు” అనేది పిన్ని.

అన్నిటికంటే పెద్ద పేచీ పసిపిల్లల దగ్గర. మా వైపు బిడ్డ పుట్టిన నాటి నుంచీ సోంపు నీళ్లు పట్టడం ఆనవాయితీ. గుక్కపెట్టి ఏడిస్తే చాలు, చెంచాడు నోట్లో పోస్తారు. పిన్ని మాత్రం పాలు తాగే బిడ్డకని చెబితే గింజ కూడా ఇచ్చేది కాదు. “వాడి కడుపుకి ఇంకా పాలు తప్ప ఇంకోటి తెలీదు. తాగితే తల్లి తాగాలి, అదీ రోజుకి ఒకే ఒక్క గ్లాసు. వాడికి చేరాల్సింది పాలలో చేరుతుంది” అనేది. దంచిన గింజలు మరిగించకూడదు, వేడినీళ్లు పోసి మూతపెట్టాలి. ఇదీ ఆవిడ లెక్క. పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. పిల్లలు లేని మనిషికి పిల్లల సంగతేం తెలుసని చాటుగా అనుకునేవాళ్లు. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాను. దాచడమెందుకు?

అలా నవ్వేవాళ్లు కూడా ఒక్క విషయంలో ఆవిడ గుమ్మం తొక్కకుండా ఉండలేకపోయేవాళ్లు. ఆవిడ దగ్గర ఒక ఇత్తడి రోలు ఉండేది. ఆవిడ అత్తగారి అత్తగారిదట. అంత బాగా మోగే రోలు ఫయ్యూములో ఇంకోటి లేదు. మా దగ్గర బిడ్డ పుట్టిన ఏడో రోజు పండగ చేస్తాం. బిడ్డను జల్లెడలో పడుకోబెట్టి, చెవి దగ్గర ఇత్తడి రోలు మోగిస్తూ, “అమ్మ మాట విను, నాన్న మాట వినకు, నానమ్మ మాట విను” అని ఆడవాళ్లందరూ బుద్ధులు చెబుతారు. మా సందులో పుట్టిన ప్రతి బిడ్డా లోకంలో మొట్టమొదట విన్న పెద్ద చప్పుడు ఇన్షిరాహ్ పిన్ని రోలుదే. తన కడుపు పండలేదు గానీ, ఆ రోలు వెంట వచ్చి, ప్రతి ఇంట్లోనూ జల్లెడ పక్కన పెద్దరికంగా కూర్చునేది. ఆ రోజు ఆవిడ మొహం చూడాలి.

నా పేరు దౌలత్. పంతొమ్మిదో ఏట నాకు పెద్దవాడు వగీహ్ పుట్టాడు. వాడి ఏడో రోజుకు ముందు సాయంత్రమే మా అత్తగారు రోలు తెప్పించింది.

మా అత్తగారికి అప్పుడు పిప్పిపన్ను సలుపు. దవడ ఇంత వాచింది. పన్ను పీకించుకోమంటే ససేమిరా అంది. సంతలో ఎవరో ఎడారి మనిషి ఇచ్చిన గింజలు కొంగున కట్టుకొచ్చింది. వాటిని సకరాన్ అంటారు, మత్తుగింజలు. దంచి నిప్పుల మీద వేసి, ఆ పొగ పంటికి పట్టిస్తే సలుపు చచ్చిపోతుందంటారు. పండగ రోజు పొద్దున్న వంటింట్లో ఆవిడ ఆ గింజలు దంచడం నేను చూశాను. చేతికి దగ్గరగా ఏ రోలు ఉంటే ఆ రోల్లోనే దంచింది. నూనె గింజలేమో, ముద్దగా అడుగున అంటుకుపోయాయి. తలమీద గుడ్డ కప్పుకుని పొగ పట్టించుకుంది. తర్వాత కొంగుతో రోలు అడుగు ఒక్క తుడుపు తుడిచి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం పండగ బ్రహ్మాండంగా జరిగింది. రోలు మోగించింది మా అత్తగారే. పిన్ని జల్లెడ పక్కన కూర్చుని, వగీహ్ చేతివేలు పట్టుకుని, అంత చప్పుడులోనూ వాడికి ఏదో చెబుతూనే ఉంది. చుట్టాలు వెళ్లేసరికి పొద్దువాలింది. అప్పుడు మొదలుపెట్టాడు వగీహ్. కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని ఒకటే ఏడుపు.

“సోంపు నీళ్లు పట్టు” అంది అత్తగారు. అదే రోల్లో గుప్పెడు సోంపు దంచి, నీళ్లలో మరిగించి, గ్లాసు నా చేతికిచ్చింది. “అయిదారు చెంచాలు పొయ్యి, గప్‌చిప్‌గా పడుకుంటాడు.”

“పిన్ని నన్ను తాగమంది కదా అత్తయ్యా...”

“పిన్ని కందా, నేను కన్నానా? ఆరుగురిని పెంచాను. పొయ్యమంటే పొయ్యి.”

ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది? ఆవిడ అటు తిరగ్గానే గ్లాసెత్తి నేనే గటగటా తాగేశాను. చెంచా మాత్రం తడిపి పక్కన పెట్టాను, పోసినట్టు కనపడాలని. నా జీవితంలో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే ఆ దొంగతనమే.

కాసేపటికి నాలుక అట్ట కట్టింది. మొహం భగభగ మండింది. గోడ మీద లేని చీమలు కనిపించాయి. చచ్చిపోయిన మా నాన్నతో గోధుమల ధర గురించి పోట్లాడానట. బదియా పరుగెత్తుకొచ్చి నా కళ్లు చూసి కేకపెట్టింది. కంటిపాప కన్నంతా పరుచుకుందట. ఆసుపత్రికి మోసుకెళ్లారు. డాక్టరు కళ్లు చూసి, ఇది ఏదో విషపు గింజ పని అన్నాడు. “ఈవిడ ఒంట్లోకి చేరిన విషం చాలా తక్కువ, బతికిపోయింది. ఏడు రోజుల పసిగుడ్డుకి పోసుంటే తెల్లారేది కాదు. మూడు రోజులు పాలివ్వొద్దు” అన్నాడు. ఆ మూడు రోజులూ, తనకూ చంటికూతురున్న బదియా వగీహ్‌కు పాలిచ్చింది. అలా వాడు ఆవిడ కూతురికి పాలసోదరుడైపోయాడు. ఒకే రొమ్ము పాలు తాగినవాళ్లకు మాలో పెళ్లి కుదరదు. “చేతికి రావాల్సిన అల్లుణ్ణి చేతులారా పోగొట్టుకున్నాను” అని బదియా ఈరోజుకీ దెప్పుతుంది.

డాక్టరు అడిగాడు, ఏం తాగావని. నేను నోరు తెరిచేలోపే మా అత్తగారు చెప్పేసింది. “సోంపు నీళ్లు బాబూ. ఇన్షిరాహ్ కొట్లో సోంపు.”

అది అబద్ధమూ కాదు. అందుకే అంత బలంగా అంటుకుంది. మర్నాటికి సందంతా అదే మాట. కాలువ గట్టున పెరిగే విషపు గింజ ఇన్షిరాహ్ సొరుగులో కలిసిపోయిందట. చదువు రాని మనిషి చేతిలో మందులేమిటట.

నేను ఇంటికొచ్చిన రోజు అత్తగారు రోలు నా చేతిలో పెట్టి ఇచ్చి రమ్మంది. తను వెళ్లలేదు. పిన్ని నన్ను కూర్చోబెట్టి, బుగ్గలు నిమిరి, బిడ్డ ఎలా ఉన్నాడని అడిగింది. తర్వాత రోలు అందుకుంది. అలవాటుగా దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఇంకోసారి వాసన చూసింది. నెమ్మదిగా తలెత్తి నా కళ్లలోకి చూసింది.

“ఎవరికి దంచారమ్మా ఇందులో?”

చెబితే? ఆ ఇంట్లో మళ్లీ అడుగుపెట్టగలనా? పన్ను పొగ సంగతి తెలిసింది ఇద్దరికే. మా అత్తగారికి, నాకు. పేరు బయటికొస్తే చెప్పింది ఎవరో కనిపెట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

“నాకే పిన్నీ. సోంపే.”

పిన్ని రోలు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను ఇంటికొచ్చి వగీహ్‌ను గుండెలకు హత్తుకుని ఏడ్చాను. వాణ్ణి బతికించింది ఆవిడ నియమం. ఆవిడ మీద నేను బురద పోసి వచ్చాను.

ఆ తర్వాత మా సందు ఆడవాళ్లు సోంపుకి పెద్ద బజారుకు వెళ్లడం మొదలుపెట్టారు. మగవాళ్లు మాత్రం మందారపువ్వుకీ దగ్గు మందుకీ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు, అలా కొట్టు నడిచింది. “ఎవరికి?” అని అడిగించుకునేవాళ్లు తగ్గిపోయారు. బదియా కూడా గుమ్మం తొక్కడం మానేసింది. వేళాకోళం కూడా మానేసింది. ఇవన్నీ ఒక ఎత్తు, రోలు ఒక ఎత్తు. దాన్ని మళ్లీ ఎవరూ అడగలేదు. సందులో బిడ్డలు పుడుతూనే ఉన్నారు. ఏడో రోజు ఎవరో ఒకరి పలచటి రేకు రోలు టకటకమని మోగేది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా పిన్ని కొట్టు తలుపు సగం మూసుకునేది. నాకింకా ముగ్గురు పుట్టారు. ముగ్గురి పండగలకూ రేకు రోలే. గర్భిణిగా ఆ గుమ్మం ముందు నుంచి నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

మా అత్తగారు చెడ్డ మనిషి అనను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దంచిన మందేదీ నోట పెట్టుకోలేదు. పన్ను మర్నాడే పీకించుకుంది. పోయే ముందు వారం ఒకరోజు హఠాత్తుగా అడిగింది.

“ఇన్షిరాహ్ కొట్టు తెరిచే ఉందా?”

“ఉంది అత్తయ్యా.”

గోడవైపు తిరిగి పడుకుంది. అంతకు మించి తనూ అనలేదు, నేనూ అడగలేదు. పిరికితనంలో మేమిద్దరం సరిగ్గా అత్తాకోడళ్లమే.

ముప్పై ఒక్క ఏళ్లు గడిచాయి. వగీహ్‌కు కూతురు పుట్టింది. ఆరో రోజు పొద్దున్న లేచి, శాలువా కప్పుకుని, చుట్టూ తిరక్కుండా నేరుగా పిన్ని కొట్టుకు వెళ్లాను. ఆవిడ మోకాళ్ల మీద చేట పెట్టుకుని చామంతిపూలు ఏరుతోంది. డెబ్బై దాటాయి. ముక్కు తప్ప అన్నీ తగ్గిపోయాయి.

“పిన్నీ, రోలు కావాలి.”

ఆవిడ చేతులు ఆగాయి. “ఎవరికి?”

“వగీహ్ కూతురికి.”

లోపలికి వెళ్లడానికీ రావడానికీ ఆవిడకు చాలాసేపు పట్టింది. తెల్లగుడ్డలో చుట్టి తెచ్చింది. గుడ్డ విప్పితే రోలు తళతళలాడుతోంది. నిమ్మచెక్కా బూడిదా వేసి నిన్ననే తోమినట్టుంది.

“వారం వారం తోముతాను. ఎవరైనా అడిగితే మాసిపోయి ఉండకూడదుగా” అంది.

నాకు దుఃఖం ఆగలేదు. నేలమీద కూలబడి మొత్తం చెప్పేశాను. పన్ను పొగ, కొంగు తుడుపు, నేను చూడటం, చూసి ఊరుకోవడం. ఆవిడ పూలు ఏరుతూనే వింది.

“నాకు తెలుసు. ఆ రోజే ముక్కుకి తెలిసింది.”

“తెలిసి ఎందుకు ఊరుకున్నావు పిన్నీ? ఇన్నేళ్లు!”

“నోరు విప్పితే మీ అత్త ఏమనుకునేది? చెప్పింది నువ్వేననుకునేది. చంకలో పది రోజుల బిడ్డ. నిన్ను పుట్టింటికి తరిమేస్తే పాలు ఎండిపోవూ?” అంది. ఒక పువ్వు తీసి పారేసింది. “కానీ ఎదురుచూశాను. అది మాత్రం నిజం. ఎప్పుడో ఒకప్పుడు వస్తావనే అనుకున్నాను. మరీ ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు.”

నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడ మెల్లగా విడిపించుకుంది.

“ఇంతకీ ఈ మాట ఎవరికి తెచ్చావే దౌలత్? నాకా? నాకు తెలిసిందే. నీ కడుపు బరువు దిగడానికా? దానికి ఒక గ్లాసు సోంపు నీళ్లు చాలు. సందుకి అయితే, సందులో చెప్పు.”

మర్నాడు మా ఇల్లు ఆడవాళ్లతో కిక్కిరిసిపోయింది. తెల్లగుడ్డలోంచి రోలు బయటికి తీయగానే సగం మంది మాటలు ఆగిపోయాయి. బదియా నన్ను మోచేత్తో పొడిచి, “ఏంటే ఇది, మతిపోయిందా నీకు?” అని గొణిగింది. పిన్ని జల్లెడకు కొంచెం దూరంగా గోడ దగ్గర కూర్చుంది, పిలవని చుట్టంలాగా.

రోకలి నా చేతిలో ఉంది. మోగించాను. అదే మోత. ఆ మోత విని ముప్పై ఒక్క ఏళ్లయింది. పసిది ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

“అమ్మ మాట విను తల్లీ” అన్నాను. అందరూ వంతపాడారు. “నాన్న మాట వినకు” అన్నాను. అందరూ నవ్వారు. మూడోసారి రోకలి ఎత్తి మోగించి, గొంతు చించుకుని అన్నాను.

“ఈ నానమ్మ మాట విను. మీ నాన్న ఏడో రోజున ఈ రోల్లో మత్తుగింజలు దంచింది మా ఇంట్లోనే. పంటినొప్పికని. నేను కళ్లారా చూశాను. చూసి నోరు మూసుకున్నాను. ఇన్షిరాహ్ సోంపులో ఏ దోషమూ లేదు. ఆ గ్లాసు బిడ్డకు పొయ్యొద్దు, తల్లి తాగాలి అని ఆవిడ చెప్పబట్టే మీ నాన్న బతికాడు. నువ్వు పుట్టావు.”

వగీహ్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను.

గోడ దగ్గర నుంచి పిన్ని గొంతు వినపడింది. “అలా అరవకే. పసిది జడుసుకుంటుంది.”

అప్పుడు వగీహ్ నడిచి వెళ్లి, వంగి, ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. రెండు చేతులతో లేపి తీసుకొచ్చి జల్లెడ పక్కన కూర్చోబెట్టాడు. నా చేతిలోంచి రోకలి తీసుకుని ఆవిడ చేతిలో పెట్టాడు.

చుట్టాలు వెళ్లే వేళకు పసిది కాళ్లు ముడుచుకుని ఏడుపు అందుకుంది. అందరూ పిన్ని వైపే చూశారు. ఆవిడ కొంగుముడిలోంచి సోంపు తీసి నా అరచేతిలో పోసింది. నేను రోలు జోలికి పోకుండా రెండు చెంచాల మధ్య గింజలు నలిపి, వేడినీళ్లు పోసి మూతపెట్టాను.

“ఎవరికి?” అంది పిన్ని.

“నాకే నానమ్మా” అంది మా కోడలు.

బదియా ఇంకా కదల్లేదు. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పులు విప్పేసి లోపలికొచ్చి, పిన్ని ఎదురుగా చతికిలబడింది.

“నాకూ ఒక గ్లాసు” అంది.

పిన్ని ఆవిడను ఎగాదిగా చూసింది. “నీకేం నొప్పి? ఎన్నాళ్ల నుంచి?”

“ముప్పై ఒక్క ఏళ్ల నుంచి” అంది బదియా. కళ్లు తుడుచుకుంది.

నేను ఇంకో గ్లాసులో గింజలు వేశాను.